ఇవ్వని చెయ్యి

పాపటోయిటోయి,
ఆగస్టు, మొదటి ఆదివారం

వదినా,

ఫోన్‌లో ఎంత పెద్ద మెసేజ్ పెట్టినా నువ్వు బొటనవేలు బొమ్మ తప్ప ఇంకేమీ పంపవు కాబట్టి ఉత్తరం రాస్తున్నాను. స్టాంపు అతికించుకుని లోవర్ హట్ దాకా వచ్చిన కాగితానికి బొటనవేలు చూపించి ఊరుకోలేవు కదా. జవాబు రాసి తీరాలి.

ముందు వార్త. నేను క్వార్టర్‌బ్యాక్‌ని అయ్యాను!

ఇదేదో బ్యాంకు ఉద్యోగం అనుకునేవు, కాదు. అమెరికన్ ఫుట్‌బాల్. ఒకళ్ల మీద ఒకళ్లు పడి ఎముకలు విరగ్గొట్టుకునే రకం కాదులే, ఫ్లాగ్ రకం. నడుముకి బెల్టు, బెల్టుకి అటూ ఇటూ గుడ్డ పట్టీలు వేలాడుతుంటాయి. బంతి ఎవరి దగ్గరుంటే వాళ్ల పట్టీ లాగేస్తే ఆట అక్కడితో ఆగిపోతుంది. పట్టీ పోకుండా బంతితో చివరి గీత దాటితే టచ్‌డౌన్, అంటే పాయింట్లు. జట్టుకి ఐదుగురు. ప్రతిసారీ బంతి ముందు వచ్చేది క్వార్టర్‌బ్యాక్ చేతికే. దాన్ని ఎవరికి విసరాలో, ఎవరి చేతికివ్వాలో, ఎవరికిస్తున్నట్టు నటించి దాచుకోవాలో అంతా ఆవిడ ఇష్టం. ఆవిడంటే నేనే!

ఎలా జరిగిందంటావా? నేను పనిచేసే గోడౌన్‌లో అటు చివర నుంచి ఎవరో ప్యాకింగ్ టేపు అడిగితే ఇటు చివర నుంచి విసిరాను. అది ఫోర్క్‌లిఫ్టు మీదుగా వెళ్లి మా సూపర్‌వైజర్ రోహన్ గుండెకి తగిలింది. ఫిజీ ఇండియన్ అతను. ఉద్యోగం ఊడిందనుకున్నాను.

"ఆదివారం ఏం చేస్తావ్?" అన్నాడు.

"బట్టలుతుక్కుంటాను."

"శనివారం ఉతుక్కో. ఆదివారం ఆల్బనీ రా. నేను నడిపే ఆడపిల్లల జట్టుకి విసిరే చెయ్యి కావాలి."

ఇంజినీరింగ్ కాలేజీ క్రికెట్లో నన్ను బౌండరీ దగ్గర పడేసి, బంతి విసరడానికి తప్ప ఇంక దేనికీ పిలవని ఆ కెప్టెన్‌కి ఇవాళ దణ్ణం పెట్టుకున్నాను.

అసలు సంగతి ఇప్పుడు చెప్తాను. నవంబరు చివర్లో టోర్నమెంటు మీ లోవర్ హట్‌లోనే. దాన్ని చూడ్డానికి టెక్సాస్ నుంచి ఒకావిడ వస్తోంది. అక్కడ ఆడవాళ్లకి జీతాలిచ్చి ఆడించే లీగ్ ఒకటి కొత్తగా పెడుతున్నారట. ఈ దేశం నుంచి ఒక్క క్వార్టర్‌బ్యాక్‌ని తీసుకెళ్తుంది. ఒక్కర్నే. ఎవరు ఏ షిఫ్టుకి రావాలో గళ్లలో నింపడానికా వదినా నేను మాస్టర్స్ చేసింది? రాత్రి పడుకుంటే కాళ్లు వాటంతట అవే పరిగెడుతున్నాయి. ఆ ఒక్కరూ నేనే కావాలి.

అమ్మకి చెప్పకు. అత్తకి, అదే మీ అమ్మకి, అసలే చెప్పకు. మేం ఆడిన వీడియో నీ ఫోన్‌కి పంపుతాను. దానికి కావాలంటే బొటనవేలు చాలు.

ఇంకా చెమట ఆరని
అమూల్య


లోవర్ హట్,
ఆగస్టు చివర

ఏమే మరదలా,

నీ ఉత్తరం వెల్లింగ్టన్ వెళ్లే రైల్లో చదువుకున్నాను. టేపు రోహన్ గుండెకి తగిలిన చోట గట్టిగా నవ్వేసరికి ఎదురుగా కూర్చున్న కివీ పెద్దాయన పేపరు దించి నన్ను చూశాడు. తెలుగు అక్షరాలు చూసి మళ్లీ పేపరు ఎత్తుకున్నాడు.

జీతాలిచ్చి ఆడిస్తారా? నేను హైస్కూల్లో కబడ్డీ ఆడి మోచేతులు చెక్కుకుపోయిన రోజుల్లో ఎవరూ ఒక గోళీ సోడా కూడా ఇప్పించలేదు. మా అమ్మైతే "మగరాయుడా" అని ఒక బిరుదిచ్చింది, అదొక్కటే నా సంపాదన. సరే, ఎవరికీ చెప్పను. నాకు మాత్రం అన్నీ చెప్తూ ఉండు. ఆఫీసులో రోజంతా ఎవరో రాసిన పాలసీలో కామాలు దిద్దుతుంటాను. కాస్త గాలి తగలాలి.

వీడియో చూశాను. మళ్లీ చూశాను. నీ మీదకి పరిగెత్తుకొచ్చే ఆ నీలం చొక్కా పిల్ల ఎవరే? పేరంటానికి వస్తున్నట్టు వస్తుందేమిటి? పట్టీ లాగాల్సిన మనిషి నీ నడుం చూడాలి గానీ నీ మొహం చూస్తే ఏముంటుంది? నేనైతే నిన్ను ఒక్క అడుగు కూడా వెయ్యనిచ్చేదాన్ని కాదు.

ఇంకో చోట కూడా నవ్వొచ్చింది. ఎందుకో చెప్పను.

మీ ఆశాజ్యోతి వదిన

(రైల్లో పక్కవాళ్లు ఊపేస్తున్నారు, అందుకే రాత ఇలా ఉంది. నీది ఎందుకలా ఉందో మరి.)


పాపటోయిటోయి,
సెప్టెంబరు

వదినా వదినా వదినా,

ఎందుకు నవ్వావో చెప్పకపోతే ఊరుకోను. నా జడ ఎగిరినందుకా? నేను అరిచినప్పుడు గొంతు చీరుకుపోయినందుకా?

మూడు మ్యాచ్‌లు వరుసగా గెలిచాం! పొద్దున్నే పాపటోయిటోయిలో రైలెక్కి, సిటీలో దిగి, బస్సెక్కి ఆల్బనీ చేరేసరికి సగం ఊరు తిరిగినట్టుంటుంది. అయినా ఆదివారం ఎప్పుడొస్తుందా అని చూస్తున్నాను. బంతి చేతిలో పడగానే నాకు చెవులు మూసుకుపోతాయి. అవతలి వాళ్ల కాళ్లు మాత్రమే కనిపిస్తాయి. ఎవరి మడమ ఎటు తిరిగిందో చూసి, వాళ్లు వదిలేసిన ఖాళీలోకి విసిరేస్తాను. అది అక్కడికి చేరేలోపు మనవాళ్లు అక్కడుంటారు. ఉండకపోతే తిడతాను. ఇంత దర్జాగా నన్ను ఎవరూ తిట్టనివ్వలేదు వదినా!

మెలే గురించి చెప్పాలి. సమోవా అమ్మాయి, నర్సింగ్ చదువుతోంది, పరిగెడితే గాలి కూడా పక్కకి తప్పుకుంటుంది. మా ఇద్దరికీ కలిపి ఒక ఎత్తుగడ ఉంది. మెలే నా ఎడమ పక్క నుంచి దూసుకుపోతుంది. నేను బంతి ఇస్తానో, ఇచ్చినట్టు నటించి దాచుకుని దూరంగా విసిరేస్తానో అవతలి వాళ్లకి తెలీదు. సగం మంది మెలే వెంట పడతారు, సగం మంది నా మీదకొస్తారు. టెక్సాస్ ఆవిడ చూడబోయేది ముఖ్యంగా ఇదేనని రోహన్ అన్నాడు. విసిరేవాళ్లు అక్కడ బోలెడుమంది ఉన్నారట. మోసం చేసేవాళ్లు కావాలట!

అతనికి ఒకటే సణుగుడు. మెలే ఎడమ పక్క నుంచి పోతుంటే ఎడమ చేత్తో ఇవ్వకుండా, ఒళ్లంతా తిప్పి కుడి చేత్తో ఎందుకిస్తావని. "నాకలాగే వీలు" అన్నాను. "చూడ్డానికి గుడి మెట్ల మీద ప్రసాదం పంచుతున్నట్టుంది" అన్నాడు. గెలుస్తున్నాం కాబట్టి వదిలేశాడు.

ఎందుకు నవ్వావు?

అమూల్య


లోవర్ హట్,
అక్టోబరు

అమూల్యా,

గెలిచినందుకు సంతోషం. నేను బాగానే ఉన్నాను. ఎందుకు నవ్వానో మర్చిపోయాను.

మోకాలు కాస్త చెక్కుకుపోయింది. రైలెక్కుతూ జారాను, కంగారు పడకు. ఆదివారాలు ఫోన్ చెయ్యొద్దు, పనుంటోంది. ఈసారికి ఇంతే.

వదిన


పాపటోయిటోయి,
అక్టోబరు, నీ ఉత్తరం అందిన సాయంత్రమే

ఆశాజ్యోతి గారికి,

మీ అబద్ధాల ఉత్తరం అందింది.

నువ్వు జారడమా? వానలో, చేతిలో లాప్‌టాప్, చంకలో గొడుగు పెట్టుకుని కదిలే రైలు వెంట పరిగెత్తగల మనిషివి. ఉత్తరం మొత్తంలో ఒక్క వెక్కిరింత కూడా లేదు. దానికి తోడు, కవరు దులిపితే నల్ల రబ్బరు గుళ్లు రాలాయి. ఆ గుళ్లు కృత్రిమ గడ్డి పరిచిన మైదానంలో తప్ప ఎక్కడా దొరకవు వదినా. నా బూట్లలో, సాక్సుల్లో, ఒక్కోసారి అన్నంలో కూడా అవే.

ఆడుతున్నావు! ఆడుతున్నావు కదూ! ఇంట్లో నాతో అద్దెకుంటున్నవాళ్లంతా వంటింట్లోంచి పరిగెత్తుకొచ్చారు నా కేకకి.

ఏ జట్టు? ఏ స్థానం? ఎప్పటి నుంచి? నాకెందుకు చెప్పలేదు? ముందు తిడదామనుకున్నాను, రాస్తుంటే నవ్వాగడం లేదు.

అమూల్య


లోవర్ హట్,
నవంబరు మొదట్లో

సరే, దొరికిపోయాను.

నీ వీడియో చూశాక ఆ ఆదివారం కూరగాయలకని బయల్దేరి, మా ఇంటి వెనక మైదానంలో ఇదే ఆట ఆడుతుంటే ఆగాను. గోంగూర కట్ట చేతిలో పట్టుకుని చాలాసేపు నిలబడ్డాను. వాళ్ల కోచ్ "ఆడతారా?" అంది. ఊరికే చూద్దామని గోంగూర గట్టు మీద పెట్టి దిగాను. మొదటిసారే క్వార్టర్‌బ్యాక్ పట్టీ నా చేతిలో ఉంది! ఆ పిల్ల కళ్లు ఇంతేసి అయ్యాయి. కబడ్డీలో కాలు ఎటు వేస్తారో ముందే పట్టేసే అలవాటు నాకింకా పోలేదే. ఇక్కడ దాని పేరు రషర్. బంతి కదలగానే దూరం నుంచి ఒక్క ఉరుకున క్వార్టర్‌బ్యాక్ మీదకి వెళ్లడమే పని. ముప్ఫై దాటిన దాన్ని, జట్టులో ఇండియన్ పిల్లలు "ఆంటీ, ఆంటీ" అని అరుస్తారు. అరవనీ. ఆంటీ వస్తోందంటే అవతలి వాళ్లు బంతి కింద పడేసుకుంటున్నారు.

నీకెందుకు చెప్పలేదంటే, మీ జట్టూ మా జట్టూ ఫైనల్లో ఎదురుపడే వీలుంది. అప్పటిదాకా నువ్వు నిశ్చింతగా రాస్తుంటే చదవాలనుకున్నాను. మీ ఎత్తులన్నీ రాసేశావు కూడా. మా కోచ్‌కి ఒక్క ముక్క చెప్పలేదు, నీ మీద ఒట్టు. నాకు తెలిసింది మాత్రం తెలిసినట్టే కదా, తల తీసి పక్కన పెట్టలేను.

నీకా టెక్సాస్ ఎంత కావాలో నాకు తెలుసు. అయినా చెప్తున్నాను విను. చిన్నప్పుడు వామనగుంటల్లో నువ్వు ఏడుస్తావని ఓడిపోయినట్టు నటించేదాన్ని. ఈసారి నటించను.

మా ఊరి గాలి సంగతి కనుక్కునే రా. నువ్వు విసిరింది నీకే తిరిగొస్తుంది.

వదిన


పాపటోయిటోయి,
నవంబరు, టోర్నమెంటు నుంచి వచ్చిన మర్నాడు

వదినా,

నువ్వక్కడే ఉన్నావు. అయినా నా పక్క నుంచి ఎలా ఉందో నీకు తెలీదు కాబట్టి రాస్తున్నాను.

ఫైనల్ మొదటి సగం నాకు పీడకల. మెలేకి బంతి ఇస్తే నువ్వు మెలే ముందుంటావు. ఇవ్వకుండా దాచుకుంటే నా ముందుంటావు. ఒక్కసారి, రెండుసార్లు అయితే అదృష్టం అనుకుంటాను. ప్రతిసారీనా! నా ఒంట్లో ఎక్కడో గాజు కిటికీ ఉందేమో, లోపలి ఆలోచన నీకు కనిపిస్తోందేమో అనిపించింది. టోపీ పెట్టుకున్న టెక్సాస్ ఆవిడ గీత పక్కన చేతులు కట్టుకుని నిలబడి నా వైపు చూడ్డం మానేసి నీ వైపు చూస్తోంది. రెండు టచ్‌డౌన్లు వెనకబడ్డాం. విరామంలో రోహన్ నా భుజం మీద చెయ్యేసి, "ఇంకొక్క అవకాశం ఇస్తాను. తర్వాత నిన్ను కూర్చోబెట్టాలి, ఏమనుకోకు" అన్నాడు. ఏమనుకోకూ! నా బతుకంతా ఆ మధ్యాహ్నం మీద పెట్టుకుని వచ్చాను.

మళ్లీ మొదలైంది. మెలేకిచ్చాను. మళ్లీ నువ్వే. ఎడమ చేత్తో దాని పట్టీ లాగేశావు. మెలే రొప్పుతూ పట్టీ కోసం చెయ్యి చాపింది. నువ్వు దాన్ని ఎడమ చేతిలోంచి కుడి చేతికి మార్చుకుని ఇచ్చావు.

అంతే. చూడ్డానికి అందులో ఏముంది? పొద్దున్నుంచి అందరూ ఎవరి పట్టీలు వాళ్లకి ఏ చేత్తో పడితే ఆ చేత్తో పడేస్తున్నారు. కొందరు గడ్డి మీదే వదిలేస్తున్నారు. ఆ మైదానం మొత్తంలో చెయ్యి మార్చింది నువ్వొక్కదానివే. నాకు శేషారత్నం నాయనమ్మ, అదే మీ అమ్మమ్మ, గొంతు వినిపించింది. "ఎడం చేత్తో ఇస్తే పుచ్చుకోనే, కాఫీ అయినా సరే, కనకమైనా సరే." గ్లాసు అలా పట్టుకుని నిలబెట్టేది కదా మనల్ని, చెయ్యి మార్చేదాకా!

అప్పుడు నా చేతులకేసి చూసుకున్నాను. మెలేకి నిజంగా ఇచ్చేటప్పుడు ఒళ్లు తిప్పి మరీ కుడి చేత్తో ఇస్తాను. ఇచ్చినట్టు నటించేటప్పుడు మాత్రం ఖాళీగా ఉన్న ఎడమ చెయ్యి చాపుతాను. ఎందుకంటే అది ఇవ్వడం కాదు కాబట్టి! నిజానికి కుడి చెయ్యి, అబద్ధానికి ఎడమ చెయ్యి. వీడియోలన్నీ చూసిన రోహన్‌కి పట్టుబడలేదు. ఈ దేశంలో నన్ను అలా పట్టుకోగలిగేది నాయనమ్మ ముందు గ్లాసు పట్టుకుని నిలబడ్డ ఇంకో మనిషే.

నవ్వొచ్చింది. నిజంగా నవ్వొచ్చింది, ఓడిపోతూ. నువ్వు కూడా చూసి "ఏమిటే?" అన్నావు. "ఏం లేదొదినా" అన్నాను.

తర్వాత ఎత్తు కూడా అదే. మెలే వచ్చింది. బంతి ఎడమ చేతిలోకి తీసుకున్నాను. చెయ్యి మొరాయించింది తెలుసా? ఇరవై నాలుగేళ్లలో ఒక్కరికి ఒక్క వస్తువు ఆ చేత్తో ఇచ్చి ఉండను. నాయనమ్మా, ఒక్క క్షణం అటు తిరుగు అనుకుని మెలే పొట్టలో కుక్కేశాను. నువ్వు ఎడమ చెయ్యి చూశావు. మెలేకేసి చూడను కూడా చూడలేదు. పెద్దపులిలా నా మీదకొచ్చి, నా పట్టీ పీకి, పైకెత్తి, ఊరంతా వినేట్టు "దొరికావే మరదలా!" అని అరిచావు.

నేను రెండు చేతులూ ఎత్తి చూపించాను. ఖాళీ.

నీ మొహం! వదినా, నీ మొహం! నీ వెనక మెలే అప్పటికే గీత దాటి గంతులేస్తోంది.

ఆ తర్వాత నీకు ఏ చెయ్యీ నమ్మకం లేకపోయింది. ఇంకో టచ్‌డౌన్ చేశాం, దాని వెంట వచ్చే అదనపు పాయింటు మాత్రం చేజారింది. ఆ ఒక్క పాయింటు తేడాతో మీరే గెలిచారు. టెక్సాస్ ఆవిడ నాకు చెయ్యి కలిపి కారెక్కి వెళ్లిపోయింది. ఎక్కువసేపు చూసింది ఓడిపోతున్న నన్నే కదా. నిద్ర పట్టలేదు.

ఒక్కటి చెప్పు. ఎప్పుడు కనిపెట్టావు? ఆగస్టులో నవ్వొచ్చింది అన్నావే, అప్పుడేనా?

అమూల్య


లోవర్ హట్,
డిసెంబరు మొదట్లో

అమూల్యా,

అప్పుడే. వీడియో రెండోసారి చూసేటప్పుడు. పక్కన ఎవరూ లేరు గానీ ఉంటే వాళ్లకి ఎలా చెప్పాలో కూడా తెలిసేది కాదు.

నీ మంచికోసమే దాచానని, నీ అంతట నువ్వే నేర్చుకోవాలని దాచానని రాద్దామనుకుని కాగితం తీశాను. అది అబద్ధం. మొదట్లో సరదాగా దాచాను. మైదానంలోకి దిగాక మాత్రం నాకు గెలవాలనిపించింది. చాలా ఏళ్ల తర్వాత ఏదో ఒకటి గెలవాలని అంత గట్టిగా అనిపించింది. గెలిచాను. కప్పు టీవీ పక్కన పెట్టుకున్నాను. నువ్వు రెండు చేతులూ ఎత్తినప్పుడు నాకు ఒళ్లు మండింది, అదే క్షణంలో నిన్ను ఎత్తుకుని తిప్పాలనీ అనిపించింది. రెండూ నిజమే.

ఇంకోటి చెప్పాలి. నిన్న ఆఫీసులో ఉండగా ఫోనొచ్చింది. టెక్సాస్ ఆవిడ. మా కోచ్ దగ్గర నంబరు తీసుకుందట.

"మొదటి సగమంతా ఆ అమ్మాయి ఏం చేస్తుందో మీకు ముందే తెలిసిపోయింది. ఎలా?" అంది.

చెప్తే నీలో లోపం నేనే చూపించినట్టవుతుంది. చెప్పకపోతే నీకు అదృష్టం కొద్దీ రెండు టచ్‌డౌన్లు వచ్చాయనుకుంటుంది. మెట్ల మీదకొచ్చి నిలబడి అంతా చెప్పాను. కుడి చెయ్యి, ఎడమ చెయ్యి, అమ్మమ్మ, కాఫీ గ్లాసు, అంతా.

"మరి విరామంలో మీరు ఆమెకి చెప్పారా?"

"లేదండీ. ఎవరూ చెప్పలేదు. నేనైతే అసలు చెప్పేదాన్ని కాదు, కప్పు నాక్కావాలి."

"అయితే ఆట మధ్యలో తనే పట్టుకుంది. పట్టుకున్న వెంటనే దాన్ని మీ మీదకే తిప్పింది."

"అవునండీ. అందరి ముందూ నన్ను పిచ్చిదాన్ని చేసింది."

"పుట్టినప్పటి నుంచీ ఉన్న అలవాటు," అంది తనలో తనే అనుకుంటున్నట్టు. "మా వాళ్లని వీడియో ముందు కూర్చోబెట్టి చెప్పినా మార్చుకోడానికి ఏడాది పడుతుంది." థాంక్స్ చెప్పి పెట్టేసింది.

దానర్థం ఏమిటో నాకు తెలీదు. మంచి చేశానో చెడగొట్టానో తెలీదు. తిట్టాలనిపిస్తే తిట్టు, కానీ ఫోన్‌లో తిట్టు. ఉత్తరం వచ్చేదాకా ఆగలేను.

వదిన


పాపటోయిటోయి,
డిసెంబరు, క్రిస్మస్‌కి ముందు వారం

వదినా!

ఫోన్‌లో ఇద్దరం అరుచుకున్నాం, ఏడ్చాం, ఎవరు ఏమన్నారో ఎవరికీ వినపడలేదు. అందుకే కాగితం మీద పెడుతున్నాను. తీసుకున్నారు. నన్నే. ఆ ఒక్కరూ నేనే! ఫిబ్రవరి మొదట్లో రమ్మన్నారు. కాంట్రాక్టు మీద "వృత్తి: క్వార్టర్‌బ్యాక్" అని ఉంది. గోడౌన్‌లో రోహన్ దాన్ని మైకులో చదివాడు, ఫోర్క్‌లిఫ్టులన్నీ హారన్లు కొట్టాయి. మెలే నన్ను భుజానికెత్తుకుని లోడింగ్ బే అంతా తిప్పింది.

అమ్మకి చెప్పేశాను. ముందు, "జీతం అంటున్నావు, పీఎఫ్ ఉంటుందా?" అంది. ఆ తర్వాత, "బంతాట ఎండలో ఆడాలా, నీడలోనా?" అంది. అంటే ఒప్పుకున్నట్టే. అత్తకి నీ కప్పు గురించి కూడా చెప్పేశాను. ఏమంటుందోనని నువ్వు భయపడక్కర్లేదు. ఫొటో పంపమంది.

భయం నాకే ఉంది వదినా, నిజం చెప్పాలంటే. అక్కడ నా మీదకి పరిగెత్తుకొచ్చేవాళ్లకి ఆట తప్ప ఇంకో పని ఉండదు. వాళ్లు నా వీడియోలు రోజంతా చూస్తారు. నువ్వు ఒక్క అలవాటు పట్టుకున్నావు, వాళ్లు ఎన్ని పట్టుకుంటారో! అందుకే క్రిస్మస్ మర్నాడు, బాక్సింగ్ డే నాటికి మీ ఇంట్లో ఉంటాను. సెలవులన్నీ అక్కడే. రోజూ పొద్దున్న మీ ఇంటి వెనక మైదానంలో నువ్వు నా మీదకి రావాలి. గాలి ఎటు కొట్టినా, మోకాలు నొప్పెట్టినా, రావాల్సిందే.

నాలో ఇంకేమైనా కనిపెట్టి ఉంటే చెప్పకు. పరిగెత్తుకుంటూ రా.

నీ మరదలు
అమూల్య